కాంపౌండ్ బో కొనే ముందు టేపు తీయండి

విజయవాడ పటమటలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు, చుడీదార్లు కుడుతున్నాను. నాలుగేళ్లుగా మా అమ్మాయితో పాటు పొద్దున్నే ఆర్చరీ గ్రౌండుకు వెళ్తున్నాను. కాంపౌండ్ బో, అంటే రెండు చివర్లా చక్రాలుండే విల్లు గురించి అక్కడ నేర్చుకున్నదంతా, కుట్టుపనిలో మొదటి రోజు మా పెద్దమ్మ నేర్పిన మాట దగ్గరికే వచ్చింది. గుడ్డ ఎంత ఖరీదైనదైనా సరే, ముందు కొలత. కొలత తప్పితే పట్టు అయినా బీరువాలోనే ఉంటుంది.

2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కాంపౌండ్‌లో మూడు బంగారు పతకాలు గెలిచింది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ కూడా చేరింది. పిల్లల్ని వెంటబెట్టుకుని గ్రౌండుకు వచ్చే అమ్మానాన్నలు నన్ను అడిగే మొదటి మాట ఒక్కటే: "ఏ కంపెనీ మంచిదండీ?" హోయ్ట్, మాథ్యూస్, పీఎస్ఈ, విన్ అండ్ విన్... ఏదైనా మంచిదే. వాటన్నిటితోనూ పతకాలు వచ్చాయి. అందుకే నేను జవాబు చెప్పను. బ్యాగులోంచి టేపు తీసి, "బాబూ, ఇలా గోడకు ఆనుకుని చేతులు చాపు" అంటాను.

ఎందుకో చెప్తాను. రికర్వ్ విల్లును, అంటే చక్రాలు లేని విల్లును, ఎంత వరకు లాగాలన్నది మన చేతిలో ఉంటుంది. పిల్ల చెయ్యి పొట్టిదైతే కొంచెం తక్కువ లాగుతుంది, అంతే. కాంపౌండ్ అలా కాదు. 1960ల్లో అమెరికాలో మిస్సోరీకి చెందిన హాలెస్ ఆలెన్ అనే ఆయన విల్లు రెండు చివర్లా గుండ్రంగా లేని చక్రాలు పెట్టి చూశాడు. వాటినే మనం క్యామ్‌లు అంటున్నాం. లాగడం మొదలుపెట్టగానే బరువు పెరుగుతుంది, ఒక చోట శిఖరానికి చేరుతుంది, అక్కడి నుంచి ఒక్కసారిగా తేలికవుతుంది, తర్వాత గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. గ్రౌండులో దాన్ని 'వాల్' అనే అంటారు. ఆ గోడ ఎక్కడ ఉండాలో క్యామే నిర్ణయిస్తుంది. మన పిల్ల చెయ్యి అక్కడిదాకా రావాల్సిందే, అక్కడే ఆగాల్సిందే. దీన్నే డ్రా లెంగ్త్ అంటారు. కాంపౌండ్ ఎంపికలో సగం ఇదే.

కొలిచే పద్ధతి చెప్తాను, ఇంట్లోనే చేసుకోవచ్చు. పిల్లను గోడకు వీపు ఆనించి నిలబెట్టండి. రెండు చేతులూ భుజాల ఎత్తులో పక్కలకు చాపాలి, అరచేతులు ముందుకు. ఎక్కువ వస్తే మంచిదనుకుని పిల్లలు వేళ్లు సాగదీస్తారు, అలా చేయనివ్వకండి. మామూలుగా చాపితే చాలు. ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొసదాకా ఎన్ని అంగుళాలో చూసి, దాన్ని 2.5తో భాగించండి. మా అమ్మాయికి అప్పుడు 63 అంగుళాలు వచ్చింది. 2.5తో భాగిస్తే 25.2. అంటే పాతిక అంగుళాల దగ్గర డ్రా లెంగ్త్ ఉన్న విల్లు కావాలన్న మాట. ఇది మొదటి లెక్క. ఆది జాకెట్టు లాంటిది. దాన్ని పట్టుకుని మొదలుపెట్టి, విల్లు చేతికిచ్చి లాగించాక అర అంగుళం అటూ ఇటూ సర్దుకోవాలి.

ఒక చిన్న తిరకాసు కూడా ఉంది. డ్రా లెంగ్త్ అంటే నారి నుంచి పిడి దాకా ఉన్న దూరం ఒక్కటే కాదు. బాణం నాక్, అంటే నారి కూర్చునే వెనక గాడి నుంచి పిడిలో చెయ్యి ఆనే లోతైన చోటు దాకా కొలిచి, దానికి 1.75 అంగుళాలు కలుపుతారు. అమ్మేవాళ్లు "ఇది 26" అన్నప్పుడు అది ఈ లెక్క ప్రకారమా, ఊరికే టేపు పెట్టి చెప్పిందా అని అడగండి. ఆ రెంటికీ మధ్య దాదాపు రెండు అంగుళాల తేడా ఉంది. జాకెట్టు చంక దగ్గర రెండు అంగుళాలు తేడా వస్తే ఏమవుతుందో ఆడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇదంతా నాకు ముందే తెలిసి ఉంటే మా అమ్మాయికి ఎనిమిది నెలలు వృథా అయ్యేవి కావు. అప్పటికి దానికి పదమూడేళ్లు. నేను చీటీ పాడి తెచ్చిన ఎనభై అయిదు వేలతో ఒకరి దగ్గర వాడిన విల్లు కొన్నాను. "పిల్ల ఎదుగుతుందమ్మా, కొంచెం పెద్దదే తీసుకోండి, రెండేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడాయన. ఆ మాట నాకు నచ్చింది, ఎందుకంటే రోజూ నా షాపులో తల్లులతో నేను చెప్పే మాటే అది. ఆ విల్లు క్యామ్‌లో ఎంత తగ్గించినా 27 అంగుళాలే. మా అమ్మాయికి రెండు అంగుళాలు ఎక్కువ.

మొదటి వారంలోనే నారి వచ్చి ఎడమ ముంజేతికి కొట్టేది. నీలంగా కమిలి, పైన ఎర్రగా గీత తేలేది. మా ఆడపడుచు కూతురి పెళ్లికి అది ఎండాకాలంలో నిండు చేతుల జాకెట్టు వేసుకుంది. చేతికి గార్డు కట్టాం, గార్డు మీద కొట్టింది. గోడ దాకా లాగడానికి నడుము వెనక్కి వంచేది, ఎడమ భుజం చెవి దగ్గరికి లేపేది. నారి పెదవి చివర ఆగకుండా చెవి కిందికి వెళ్లిపోయేది. బాణాలు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. "అమ్మా, నాకు ఆర్చరీ రాదేమో" అంది ఒక రోజు బస్సులో. చివరికి వేరే జిల్లా నుంచి క్యాంపుకు వచ్చిన ఒక కోచ్ సార్ దూరం నుంచే చూసి, "పిల్లకేం తప్పు లేదమ్మా, విల్లే పెద్దది" అన్నారు. ఆ రాత్రి ఇంటికొచ్చి టేపు తీసి మొదటిసారి దాని చేతులు కొలిచాను. ఇరవై రెండేళ్లుగా ఊరందరినీ కొలిచిన టేపు అది.

కాబట్టి కొనే చోట పిల్ల విల్లు లాగి నిలబడినప్పుడు మీరు వెనక్కి వెళ్లండి. ముందు నుంచి చూస్తే ఏమీ తెలియదు. వెనక నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి ఫోన్‌లో వీడియో తీయండి. నడుము నిటారుగా ఉండాలి, రెండు భుజాలూ కిందికి దిగి ఉండాలి. నారి ముక్కు కొసకు తాకుతూ, పెదవి చివర పక్కగా వెళ్లాలి. కుడి మోచెయ్యి బాణానికి సూటిగా వెనక ఉండాలి. తల నారి కోసం ముందుకు వంగకూడదు, నారే తల దగ్గరికి రావాలి. ఒళ్లు వెనక్కి వాలినా, ముందు చెయ్యి బిగుసుకుపోయినా విల్లు పెద్దది. ముందు చెయ్యి మరీ ముడుచుకుని, వెనక మోచెయ్యి బయటికి పొడుచుకొచ్చినట్టుంటే చిన్నది. రెండిటి మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే అర అంగుళం చిన్నదే మేలు. కొంచెం చిన్న విల్లుతో పిల్ల నిలబడగలదు. పెద్ద విల్లు పిల్ల నిలబడే తీరునే పాడుచేస్తుంది.

శరీరానికి విల్లు ఎంతవరకు సర్దుకోగలదో చూడాలంటే జమ్మూ కశ్మీర్ అమ్మాయి శీతల్ దేవిని చూడండి. రెండు చేతులూ లేకుండా పుట్టింది. కుర్చీలో కూర్చుని కాలితో విల్లు ఎత్తి పట్టుకుని, భుజంతో నారి లాగి, దవడతో రిలీజ్ (నారిని పట్టి వదిలే చిన్న పరికరం) వదులుతుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో కాంస్యం గెలిచింది. ఆ అమ్మాయి కొలతకు విల్లును అమర్చినవాళ్లు ఉన్నారు కాబట్టే అది జరిగింది. మన పిల్లలకు రెండు అంగుళాలు సర్దలేమా?

మరి పిల్ల ఎదుగుతుంది కదా, ఏడాదికో విల్లు ఎక్కడ కొంటాం అంటారా? చిన్నపిల్లలకు పరికిణీ కుట్టేటప్పుడు కింద టక్కులు వేస్తాం. పిల్ల పొడుగైన కొద్దీ ఒక్కో టక్కు విప్పుతాం. గుడ్డ అదే, కొలత మారుతుంది. విల్లులోనూ అలాంటి ఏర్పాటు ఉంది. కొన్ని క్యామ్‌ల మీద ఒక చిన్న పలక ఉంటుంది, మాడ్యూల్ అంటారు. అలెన్ కీతో రెండు స్క్రూలు తీసి, దాన్ని ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు జరిపితే డ్రా లెంగ్త్ అర అంగుళం మారుతుంది. ఇంకొన్నిటికి ఒక్కో కొలతకు ఒక్కో మాడ్యూల్ విడిగా కొనాలి. ఆ మాడ్యూల్ మన దగ్గర దొరుకుతుందా, తెప్పించడానికి ఎన్నాళ్లు పడుతుందో ముందే అడగండి. మూడో రకానికి క్యామే మార్చాలి, దానికి బో ప్రెస్, అంటే విల్లును నొక్కి పట్టే యంత్రం కావాలి, ఖర్చూ ఎక్కువే. అది ఎదుగుదల ఆగినవాళ్లకే. ఎదిగే పిల్లలకు జరిపే మాడ్యూల్ ఉన్నదే తీసుకోండి. అయితే ఈ రోజు కొలత ఆ గుర్తుల్లో కింది వైపు ఉండాలి, పైన జాగా మిగలాలి. నేను కొన్నదానికి పైన జాగా ఉంది, కింద లేదు. టక్కులు వేయకుండా పెద్దామె పరికిణీ పిల్లకు కట్టినట్టయింది.

మరీ చిన్నపిల్లలకు, పదేళ్ల లోపు వాళ్లకు, జెనెసిస్ అని ఒక విల్లు ఉంది. దానికి గోడ లేదు. 15 నుంచి 30 అంగుళాల దాకా ఎవరు ఎంత లాగితే అంతే. లాగే బరువు 10 నుంచి 20 పౌండ్లు. దాంతో పెద్ద పోటీలు ఆడలేరు గానీ, పిల్లకు ఆట నచ్చిందో లేదో తెలుసుకోవడానికి అంతకంటే మంచిది లేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇద్దరూ అదే వాడుకోవచ్చు.

ఇక పౌండ్లు, అంటే విల్లు లాగడానికి పట్టే బరువు. తండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "మావాడు నలభై అయిదు లాగేస్తాడండీ" అని గర్వంగా చెప్తారు. ఒక్కసారి లాగడం వేరు. 50 మీటర్ల పోటీలో 72 బాణాలు వేయాలి. నలభై అయిదు పౌండ్ల చొప్పున 72 సార్లంటే 3,240 పౌండ్లు, దాదాపు ఒకటిన్నర టన్ను. దానికి ముందు ప్రాక్టీసు బాణాలు వేరే. 25 కిలోల బియ్యం బస్తా అంటే 55 పౌండ్లు. పిల్లాడు దాన్ని ఒకసారి ఎత్తగలడా అని కాదు, డెబ్భై రెండో సారి కూడా మొదటిసారిలాగే ఎత్తగలడా అని చూడాలి.

మా గ్రౌండులో కోచ్ సార్ పెట్టే పరీక్ష ఇది. పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, కాళ్లు నేల నుంచి లేపమంటారు. విల్లును టార్గెట్ వైపే సూటిగా పట్టుకుని, ఆకాశం వైపు లేపకుండా లాగాలి. లాగాక ఇరవై సెకన్లు ఆగాలి. తర్వాత బాణం వదలకుండా మెల్లగా నారిని తిరిగి ముందుకు పోనివ్వాలి. లాగేటప్పుడు విల్లు పైకి లేచినా, తిరిగి దించేటప్పుడు చెయ్యి ముందుకు ఒక్క ఉదుటున పోయినా పౌండ్లు ఎక్కువ. నాలుగైదు తగ్గించి మళ్లీ చూస్తారు. నిలబడి లాగేటప్పుడు నడుము, కాళ్లు దొంగసాయం చేస్తాయి. కూర్చుంటే నిజం బయటపడుతుంది. మా అమ్మాయి రెండో విల్లు 30 పౌండ్ల దగ్గర మొదలుపెట్టింది, ఇప్పుడు 44 లాగుతోంది. ఎవరూ తొందరపెట్టలేదు.

విల్లు కొమ్మలు, అంటే లింబ్స్, 30-40, 40-50, 50-60 అని పది పౌండ్ల చొప్పున వస్తాయి. లింబ్ బోల్టులు వదులు చేస్తే తగ్గుతుంది, బిగిస్తే పెరుగుతుంది. పైదీ కిందదీ సమానంగా తిప్పాలి, పైన ఒక చుట్టు అయితే కింద కూడా సరిగ్గా ఒక చుట్టే. ఎన్ని చుట్లు దాటి వదులు చేయకూడదో విల్లుతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. అది దాటితే కొమ్మ ఊడి మొహానికే తగలొచ్చు. పోటీల్లో 60 పౌండ్లు దాటకూడదన్న నియమం ఉంది, కాబట్టి 70 పౌండ్ల విల్లు ఎవరైనా చవకగా ఇస్తానన్నా మనకు అనవసరం.

గోడ దగ్గర తేలికవుతుంది అన్నాను కదా, అది ఎంత శాతమో దాన్ని లెట్‌ఆఫ్ అంటారు. 45 పౌండ్ల విల్లుకు 80 శాతం లెట్‌ఆఫ్ ఉంటే గురి చూసేటప్పుడు చేతిలో 9 పౌండ్లే మిగులుతుంది, నాలుగు కిలోలు. 65 శాతం అయితే 16 పౌండ్ల దాకా ఉంటుంది. మరీ తేలికైతే చెయ్యి బద్ధకించి నారి ముందుకు జారుతుందని, కొంత బరువు ఉంటేనే రిలీజ్ శుభ్రంగా వస్తుందని పెద్ద ఆటగాళ్లు చాలామంది తక్కువ లెట్‌ఆఫ్ కోరుకుంటారు. మొదలుపెట్టేవాళ్లకు 75 శాతం అటూ ఇటూ బాగుంటుంది.

వీడియోలు చూసి విల్లు ఎంచుకునేవాళ్లకు ఒక మాట. ఆ వీడియోల్లో ఎక్కువ అమెరికాలో జింకల వేటకు వెళ్లేవాళ్లవి. చెట్ల మధ్య తిరగాలి కాబట్టి వాళ్ల విల్లులు పొట్టిగా ఉంటాయి, క్యామ్ ఇరుసు నుంచి ఇరుసుకు 28 నుంచి 33 అంగుళాలు. మన దేశంలో వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నిషేధం. మనం ఆడేది గ్రౌండులో నిలబడి ఒకే చోట పదే పదే కొట్టే ఆట. దానికి పొడుగు విల్లు నిలకడగా ఉంటుంది. పెద్దవాళ్లు 36 నుంచి 40 అంగుళాలవి వాడతారు. పొట్టి విల్లును పొడుగు చేతులవాళ్లు లాగితే నారి మరీ కోణంగా వంగి, కంటికి దూరంగా పోతుంది, పీప్‌లోంచి, అంటే నారిలో పెట్టిన చిన్న రంధ్రంలోంచి చూడ్డానికి తల వంచాల్సి వస్తుంది. మా అమ్మాయిలా పాతిక అంగుళాల వాళ్లకు 34, 35 అంగుళాల విల్లు చక్కగా సరిపోతుంది. ఇంకోటి, ఆకులు కొమ్మలు అచ్చువేసినట్టుండే కామోఫ్లాజ్ రంగు విల్లు కొనకండి. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఆ రంగు సామాను పోటీలో పెట్టనివ్వరు.

అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే స్పీడు అంకెను కూడా నమ్ముకోకండి. సెకనుకు 330 అడుగులు అంటే 70 పౌండ్లు, 30 అంగుళాల డ్రా, 350 గ్రెయిన్ల (బాణం బరువును గ్రెయిన్లలోనే చెప్తారు) బాణంతో కొలిచింది. డ్రా ఒక అంగుళం తగ్గితే దాదాపు పది అడుగులు, ఒక పౌండు తగ్గితే దాదాపు రెండు అడుగులు తగ్గుతుంది. పాతిక అంగుళాలు, నలభై పౌండ్ల పిల్లకు అదే విల్లు 220 దగ్గర కొడుతుంది. తప్పేం లేదు, ఆ మాత్రం చాలు. కాకపోతే ఒకటి చూసుకోవాలి. వేగం తక్కువైతే 50 మీటర్లకు స్కోప్‌ను, అంటే గురి చూసే అద్దాన్ని బాగా కిందికి దించాలి. అంత కిందికి దించినప్పుడు వెళ్లే బాణం స్కోప్‌కు తగలకుండా ఉండాలి. 50 మీటర్లు ఆడించాలనుకుంటే కొనే ముందే ఇది పరీక్షించమనండి. బ్రేస్ హైట్, అంటే లాగనప్పుడు పిడికీ నారికీ మధ్య దూరం, ఏడు అంగుళాలు అటూ ఇటూ ఉంటే చిన్న తప్పుల్ని ఓర్చుకుంటుంది. ఆరుకు తగ్గితే వేగం వస్తుంది గానీ క్షమించదు.

విల్లు సొంత బరువు ఎవరూ అడగరు. ఖాళీ విల్లే రెండు కిలోలు ఉంటుంది. గురి చూసే సైట్, స్కోప్, బాణం ఆనే రెస్ట్, విల్లును కదలకుండా నిలిపే స్టెబిలైజర్ రాడ్లు తగిలిస్తే మూడు దాటుతుంది. మూడు కిలోల బియ్యం సంచి పిల్ల ఎడమ చేతికిచ్చి, చెయ్యి చాచి అర నిమిషం పట్టుకోమనండి. భుజం వణికితే స్టెబిలైజర్ బరువులు మొదట్లో పెట్టకండి, చిన్న రాడ్‌తో మొదలుపెట్టండి.

కన్ను సంగతి ముందే చెప్పాల్సింది. రెండు చేతులూ చాచి, బొటనవేళ్ల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి గోడ మీది క్యాలెండర్లో ఒక అంకెను చూడమనండి. ఒక్కో కన్నూ మూసి చూడాలి. ఏ కన్ను తెరిచినప్పుడు అంకె సందులోనే ఉంటుందో అది బలమైన కన్ను. కుడి కన్ను అయితే కుడి విల్లు, అంటే ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో లాగేది. కుడి చేత్తో రాసే పిల్లలకు కూడా ఒక్కోసారి ఎడమ కన్ను బలంగా ఉంటుంది. అలాంటప్పుడు కొనే ముందు కోచ్‌తో మాట్లాడండి.

వాడిన విల్లు కొనడం తప్పు కాదు. కొత్త టార్గెట్ విల్లు మంచిది కొనాలంటే విల్లుకే లక్షన్నర దాటుతుంది, అందరి వల్లా కాదు. చూసి కొనండి. నేను దూది ఉండ తీసుకెళ్తాను. కొమ్మల అంచుల వెంట, క్యామ్‌లో నారి కూర్చునే గాడి వెంట మెల్లగా రాస్తూ పోతాను. ఎక్కడైనా ఒక్క పోగు చిక్కుకుందంటే అక్కడ చీలికో, గరుకో ఉంది. కొమ్మకు చీలిక ఉంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. నారి సంగతి నా కళ్లకు తెలుస్తుంది, ఎందుకంటే అదీ దారమే. కొత్త నారి పోగులన్నీ నున్నగా అతుక్కుని ఉంటాయి. పాతబడితే పైన నూగు లేస్తుంది. నారి చుట్టూ సన్నదారం చుట్టిన చోట, సర్వింగ్ అంటారు, చుట్లు ఎడమై లోపలి పోగులు కనిపిస్తున్నాయా చూడండి. కనిపిస్తే కొత్త నారి, క్యామ్‌లను కలిపే కేబుల్స్ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. మోడల్ పేరు, క్యామ్ మీది నంబరు, లింబ్ మీది నంబరు ఫోటో తీసుకోండి. ఆ మాడ్యూల్ ఇంకా తయారవుతోందో లేదో కనుక్కున్నాకే డబ్బివ్వండి.

షాపులోనైనా, ఇంట్లోనైనా బాణం లేకుండా నారి లాగి వదలనివ్వకండి. డ్రై ఫైర్ అంటారు. బాణంలోకి పోవాల్సిన శక్తంతా విల్లు మీదే పడుతుంది. ఒకసారి గ్రౌండులో ఒకరి తమ్ముడు సరదాగా లాగి వదిలాడు. టప్పున శబ్దం, నారి క్యామ్ నుంచి ఊడి, కేబుల్ వంకీ తిరిగి వేలాడింది. పిల్లాడి చేతికి ఏమీ కాలేదు, అదృష్టం. వాడిన విల్లు కొనేటప్పుడు "ఎప్పుడైనా డ్రై ఫైర్ అయిందా?" అని సూటిగా అడగండి.

చేతిలో ఉన్న డబ్బంతా విల్లు మీద పెట్టేయకండి. సగం దాటనివ్వద్దు. సైట్, స్కోప్, రెస్ట్, రిలీజ్, స్టెబిలైజర్, డజను బాణాలు, కేసు ఇవన్నీ మిగతా సగంలో రావాలి. సైట్, స్టెబిలైజర్ మొదట మామూలువి పెట్టుకోవచ్చు. రిలీజ్, బాణాల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. బాణం గట్టిదనాన్ని స్పైన్ అంటారు, అంకె చిన్నదైన కొద్దీ గట్టిది. పౌండ్లు, బాణం పొడుగు చెప్తే కంపెనీ చార్టులో ఏది సరిపోతుందో ఉంటుంది. బాణం బరువు పౌండుకు కనీసం 5 గ్రెయిన్లు ఉండాలి, అంతకు తగ్గితే డ్రై ఫైర్‌కు దగ్గర పడ్డట్టే. పిల్ల ఎదిగి మాడ్యూల్ జరిపిన ప్రతిసారీ బాణం పొడుగు చూసుకోండి. పూర్తిగా లాగినప్పుడు బాణం ముందు కొస రెస్ట్ దాటి అంగుళమైనా బయట ఉండాలి. పొట్టిదైతే రెస్ట్ నుంచి జారి చేతిలో దిగుతుంది. కార్బన్ బాణాన్ని వేసే ముందు రెండు చేతులతో పట్టుకుని కొంచెం వంచి, చెవి దగ్గర పెట్టి వినాలి. చిటుకుమంటే పక్కన పడేయండి.

రిలీజ్‌ను తగిలించే చిన్న దారం ఉచ్చు, డీ లూప్, నేనే కడతాను. నారి మీద నాక్‌కు పైన ఒక ముడి, కింద ఒక ముడి, రెండూ ఎదురెదురు దిక్కులకు తిరగాలి. ఒకే దిక్కుకు కడితే లాగినప్పుడు నారి మెలి తిరిగి పీప్ పక్కకు పోతుంది. దారం కొసలు లైటర్‌తో కరిగించి, వేడి మీదే లైటర్ అడుగుతో నొక్కితే చిన్న గుండీలా గట్టిపడుతుంది. ఆ గుండీయే ముడి జారకుండా ఆపేది. తర్వాత ముక్కుపటకారు లోపల పెట్టి బలంగా విప్పినట్టు సాగదీస్తాను. లూప్ పొడుగు పావు అంగుళం మారినా మోచెయ్యి చోటు మారుతుంది, అందుకే ప్రతి కొత్త లూప్‌ను పాతదాని పక్కన పెట్టి కొలుస్తాను.

విల్లు ఇంటికి వచ్చిన రోజే నోటు పుస్తకం ఒకటి పెట్టుకోండి. ఇరుసు నుంచి ఇరుసుకు ఎంత, బ్రేస్ హైట్ ఎంత, మాడ్యూల్ ఏ గుర్తు మీద ఉంది, లింబ్ బోల్టులు ఎన్ని చుట్లు వదులయ్యాయి, నాక్ నుంచి పీప్ ఎంత ఎత్తులో ఉంది, అన్నీ రాయండి. పీప్ కింద, క్యామ్ దగ్గర కేబుల్ మీద తెల్ల పెన్నుతో సన్నని గుర్తు పెట్టండి. నారి సాగితే ఆ గుర్తులే చెప్తాయి. మన ఎండల్లో కారులో విల్లు వదిలేస్తే నారి సాగుతుంది, కొమ్మలూ పాడవుతాయి. మేము బస్సులో వెళ్లినా కేసు కిటికీ ఎండ పడని వైపు పెట్టుకుంటాం. వానాకాలంలో తడిస్తే తుడిచి, ఆరాక నారికి మైనం రాసి వేళ్లతో రుద్దుతాం. సర్వింగ్ మీద మాత్రం రాయం.

నా పుస్తకంలో జాకెట్ల కొలతల మధ్యే మా అమ్మాయి పేజీ ఉంది. మూడు నెలలకోసారి దాన్ని గోడకు ఆనించి చేతులు కొలుస్తాను. పోయిన నెల 65 అంగుళాలు వచ్చింది. అంటే 26. ఆదివారం సార్ దగ్గర మాడ్యూల్ ఒక గుర్తు జరపాలి, పీప్ మళ్లీ సరిచేయాలి, బాణాలు ఎంత బయట ఉంటున్నాయో చూడాలి.